మసూర్ చల్లితే నాలుగు రకాల తీగలు మొలిచాయి, ఏది ఏదో చెప్పగలరా?

మిద్దెతోట_లక్ష్మి (బనశంకరి, బెంగళూరు)
జనవరి 6, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. దీపావళి అయిన వారానికి పొట్టు తీయని మసూర్ పప్పు ఒక గుప్పెడు తీసుకుని మిద్దె మీద వెడల్పాటి గ్రోబ్యాగ్‌లో చల్లాను. మొదట అనుకున్నది మైక్రోగ్రీన్స్ కోసమే. సగం కోసి సలాడ్‌లో వేసుకున్నాం, మిగతావి ముచ్చటగా ఉన్నాయని వదిలేశాను. ఇప్పుడు చూస్తే ఒకే సంచిలోంచి వచ్చిన మొక్కలు ఒకేలా లేవు. ఎక్కువ భాగం పొట్టిగా, గుబురుగా, చిన్న తెల్ల పూలతో ఉన్నాయి, అవి మసూరే అయి ఉండాలి. కానీ వాటి మధ్యలోంచి మూడు రకాలు పైకి ఎగబాకాయి. ఒకదానికి ఆకు మొదట్లోనే గులాబీ ఊదా కలిసిన పెద్ద పువ్వు, దాని నిండా చీమలు. రెండోది సన్నటి పోగులా ఉంది, ఆకులు బియ్యపు గింజంత, పువ్వు కనపడీ కనపడనట్టు తెల్లగా. మూడోదానికి అసలు ఆకుల జతలే లేవు, బాణం ములుకులాంటి ఆకు జంటగా, మధ్యలోంచి ఒక తీగ పోగు, అంతే. ఇంకా పూయలేదు.

ఫోటోలు పెట్టాను. నాకు రెండు టెన్షన్లు. ఒకటి, ఇవేంటి? రెండు, మేం తిన్న మొలకల్లో ఇవి కూడా ఉండే ఉంటాయి కదా?

రాగిసంకటి (కోలారు దగ్గర)
జనవరి 6, 8:15

అక్కా, సన్న తీగ పిల్లి పెసర అనిపిస్తోంది. మా చేను గట్ల మీద ఇలాగే పాకుతుంది.

కిరణ్_మారతహళ్ళి
జనవరి 6, 9:02

నాలుగు ఫోటోలూ ఫోన్‌లో మొక్కలు గుర్తుపట్టే యాప్‌లో వేసి చూశాను. మొదటి మూడింటికీ విసియా సటైవా అనే చెప్పింది, మసూర్ మొక్కకి కూడా. నాలుగోదానికి ఏదో బటానీ జాతి అంది. మసూర్‌ని కూడా అదే పేరుతో చెప్పిందంటే నమ్మాలో వద్దో తెలియడం లేదు.

పాత_బోటనీ_మాస్టారు (జయనగర్, బెంగళూరు)
జనవరి 6, 11:30

అమ్మా లక్ష్మీ, ఫోటోలు చక్కగా తీశావు, కానీ రెండో మొక్క దగ్గరి నుంచి మరొకటి కావాలి. ముందు రాగిసంకటి గారికి: పిల్లి పెసర కాదండీ. పిల్లి పెసరకి ఆకు మూడు భాగాలు, మన పెసర, మినుములకి ఉన్నట్టే. ఇక్కడ ఆకులు జతలు జతలుగా ఉన్నాయి, చివర ఒంటరి ఆకు ఉండాల్సిన చోట నులితీగ, అంటే పట్టుకుని ఎగబాకే సన్నటి పోగు, ఉంది. ఈ ఒక్క గుర్తుతో మన చుట్టుపక్కల పెరిగే చాలా వాటిని పక్కన పెట్టేయవచ్చు. వెంపలికి జతలుంటాయి కానీ చివర ఒంటి ఆకు ఉంటుంది, నులితీగ ఉండదు. గురివిందకి జతలే, చివర ఒంటి ఆకూ లేదు, నులితీగా లేదు, కాండమే చుట్టుకుంటుంది. జతల ఆకు చివర నులితీగ అంటే మనం బటానీ, మసూర్, బాక్లా చిక్కుడు ఉన్న కుటుంబ శాఖలోకి వచ్చినట్టు. ఇంగ్లీషులో వెచ్ అనే అడవి మొక్కలూ దీంట్లోవే. ఇవి చలి దేశపు మొక్కలు. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి నీ మిద్దె మీద బతికాయి.

ఇవి నీ సంచిలోకి ఎక్కడి నుంచి వచ్చాయో గోధుమచేను గారు నాకంటే బాగా చెబుతారు, ఆయన ఉత్తరాదిలో చేలల్లో తిరిగిన మనిషి. నేను గుర్తుల సంగతి చెబుతాను, కానీ తొందరపడి పేరు పెట్టను. ఈ శాఖలో కాయ చూడకుండా పేరు పెట్టినవాళ్ళు సగం సార్లు పొరబడతారు.

చీమలున్న మొక్క దగ్గరికి వెళ్ళి ఒక పని చెయ్యి. చీమలు పువ్వు మీద ఆగుతున్నాయా, ఆకు కాడ కాండానికి అతుక్కునే చోట ఆగుతున్నాయా చూసి రాయి.

గోధుమచేను (హెబ్బాళ, బెంగళూరు)
జనవరి 6, రాత్రి 9:20

మధ్యప్రదేశ్‌లో గోధుమ, మసూర్ చేలల్లో పదకొండేళ్ళు పనిచేశాను, ఈ ఫోటోలు చూస్తే పాత మిత్రులు కనిపించినట్టుంది. అక్కడ రబీలో మసూర్ వేస్తే కలుపుగా ఇవన్నీ వస్తాయి. వెచ్‌ని అంకరీ అంటారు, ఆకు లేని ఆ మూడోదాన్ని జంగ్లీ మటర్ అంటారు. మసూర్‌తో పాటే మొలిచి, మసూర్‌తో పాటే పూసి, మసూర్‌తో పాటే పండుతాయి, కోతలో కలిసిపోతాయి. నూర్చి తూర్పారపడితే గాలికి పోదు, జల్లెడ పడితే కిందకి జారదు, ఎందుకంటే గింజ సైజు, బరువు దాదాపు ఒకటే. రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ దీని గురించి రాశాడు. మసూర్ చేలల్లో పెరిగే వెచ్‌లో కొన్నిటి గింజ గుండ్రంగా కాకుండా మసూర్‌లాగే బల్లపరుపుగా మారిందని. రైతు ఏటా జల్లెడ పట్టి గుండ్రటివి తీసేస్తాడు, బల్లపరుపువి మిగిలి మళ్ళీ విత్తనంలోకి వెళ్తాయి. అంటే రైతుకి తెలియకుండానే ఆ చేట, ఆ జల్లెడే కలుపు మొక్కని మసూర్‌లా మార్చాయి. నాకు ఈ విషయం ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి లక్ష్మి గారూ, మీ దుకాణదారు మోసం చేశాడని అనుకోకండి. పొట్టు తీయని మసూర్‌లో నాలుగు గింజలు ఇలాంటివి ఉండటం కొత్త కాదు.

చెన్నై_వెంకట్
జనవరి 6, రాత్రి 10:05

మాకు చెన్నైలో మసూర్ మొలుస్తుంది కానీ జానెడు పెరిగి ఎండిపోతుంది, మూడుసార్లు ప్రయత్నించాను. ఊటీలో మాత్రం నీలగిరి తోటల అంచున ఊదా పువ్వుల తీగ చాలాసార్లు చూశాను. అది కూడా ఇదేనా మాస్టారూ?

మిద్దెతోట_లక్ష్మి
జనవరి 7, ఉదయం 7:10

మాస్టారూ, తెల్లారి లేచి చూశాను. చీమలు పువ్వు మీద కాదు, ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా చిన్న రెక్కల్లాంటివి ఉన్నాయి, వాటి మధ్యలో నల్లటి చుక్క ఉంది, సరిగ్గా ఆ చుక్క మీద ఆగుతున్నాయి. ఒక్కో చుక్క దగ్గర రెండు మూడు చీమలు. ఇన్నాళ్ళూ పేనుబంక వల్ల వస్తున్నాయనుకుని వేపనూనె కొట్టాను, పేనుబంక ఎక్కడా లేదు. కొత్త ఫోటో పెట్టాను.

పాత_బోటనీ_మాస్టారు
జనవరి 7, 10:45

భేష్ అమ్మా. ఇది చాలు.

ఆ చిన్న రెక్కలని మా పాఠాల్లో పత్రపుచ్ఛాలు అంటాం. వాటి మీద ఆ ముదురు చుక్క తేనె గ్రంథి. పువ్వులో కాక బయట ఉండే తేనె. చీమలకి అది జీతం, ఆకు తినే పురుగులని దగ్గరికి రానివ్వనందుకు. వేపనూనె ఆపేయి, చీమలని ఉండనీ. ఆ చుక్క, ఆకు మొదట్లోనే కాడ లేనట్టుగా ఒకటో రెండో పూలు, పువ్వు సెంటీమీటరుకి మించి పెద్దది, చిరుఆకు చివర గుండ్రంగా ఉండి మధ్యలో కొంచెం నొక్కుపోయి చిన్న ముల్లు లేవడం, నులితీగ కొమ్మలుగా చీలడం, ఇవన్నీ కలిస్తే విసియా సటైవా. మామూలు వెచ్. యాప్ ఈ ఒక్కదానికి సరిగ్గానే చెప్పింది. తేనె చుక్క బాక్లా చిక్కుడుకి కూడా ఉంటుంది, అది కూడా విసియానే (పేరులో ఈ మొదటి మాట ఇంటిపేరు లాంటిది, దాన్నే ప్రజాతి అంటాం), కానీ అది నిటారుగా లావుగా పెరిగే మొక్క, దానితో పొరబాటు రాదు.

వెంకట్ బాబూ, నీలగిరుల్లో సటైవా కలుపుగా స్థిరపడింది, నువ్వు చూసింది అదే అయి ఉండవచ్చు. ఈసారి వెళితే చుక్క చూడు.

రెండోదానికి వస్తాను. సన్నటి పోగు మొక్కకి రెండు పేర్లు పోటీలో ఉన్నాయి. విసియా హిర్సూటా, విసియా టెట్రాస్పెర్మా. ఈ మధ్య కొందరు శాస్త్రజ్ఞులు వీటిని విసియాలోంచి తీసి ఎర్విలియా, ఎర్వం అని వేరే ప్రజాతుల్లో పెడుతున్నారు, పుస్తకాల్లో రెండు రకాలుగానూ కనిపిస్తే కంగారు పడకండి. రెండింటికీ పూలు పొడుగాటి కాడ చివర ఉంటాయి, సటైవాలా ఆకు మొదట్లో అంటుకుని ఉండవు. అక్కడివరకు సులువు. వీటి మధ్య తేడా మాత్రం కళ్ళతో చూస్తే దొరకదు, భూతద్దం కావాలి.

కిరణ్_మారతహళ్ళి
జనవరి 7, మధ్యాహ్నం 1:15

పువ్వు రంగుతో తేలదా మాస్టారూ? ఊదా అయితే సటైవా, తెలుపు అయితే హిర్సూటా అని ఒక చోట చదివాను.

పాత_బోటనీ_మాస్టారు
జనవరి 7, 3:40

రంగుని ఎప్పుడూ చివర చూడు బాబూ. సటైవాలో తెల్ల పూల మొక్కలు ఉన్నాయి. మసూర్ పువ్వు తెల్లగా ఉంటుంది, లేత నీలంగా ఉంటుంది, ఊదా గీతలతో ఉంటుంది, రకాన్ని బట్టి. రంగు చూసి చెబితే నీ సంచిలో మసూర్‌ని హిర్సూటా అనేస్తావు, యాప్ చేసిన పొరబాటే మనమూ చేస్తాం. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పాను, ప్రాక్టికల్స్‌లో పువ్వు రంగు మొదట రాసిన పిల్లవాడికి నేను ఎప్పుడూ అదే చెప్పేవాణ్ణి: పువ్వుని విప్పి చూడు, పైన చూసి చెప్పకు.

లక్ష్మీ, రెండో మొక్క పువ్వు కింద రక్షకపత్రాలకి అయిదు పళ్ళలాంటి మొనలు ఉంటాయి. హిర్సూటాలో అయిదూ దాదాపు సమానం, సన్నగా పొడుగ్గా. టెట్రాస్పెర్మాలో పైవి రెండూ పొట్టి, కిందివి పొడుగు. పువ్వు సైజు కూడా చెప్పు. హిర్సూటాది రెండు నుంచి అయిదు మిల్లీమీటర్లు, తెలుపు మీద లేత నీలం ఛాయ. టెట్రాస్పెర్మాది నాలుగు నుంచి ఎనిమిది, లేత ఊదా. నాలుగైదు దగ్గర రెండూ కలుస్తాయి కాబట్టి ఒక్క పువ్వు కొలిచి చెప్పేది కాదు, ఏడెనిమిది కొలవాలి. కాడకి ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టు. టెట్రాస్పెర్మాకి ఒకటో రెండో, హిర్సూటాకి ఎక్కువ ఉండొచ్చు.

నందిని_కె (వైట్‌ఫీల్డ్)
జనవరి 7, సాయంత్రం 5:00

క్షమించండి, మొక్కల పేర్ల కంటే ముందు నాకు లక్ష్మి గారి రెండో ప్రశ్నకి సమాధానం కావాలి. మా పాపకి మూడేళ్ళు, నేను కూడా ఇలాగే మసూర్ మొలకలు పెంచి పెడుతున్నాను. ప్రమాదం ఉందా?

గోధుమచేను
జనవరి 7, రాత్రి 8:30

నందిని గారూ, మీ భయం అర్థమైంది, తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

విసియా సటైవా గింజల్లో బీటా సయనో అలనిన్ అనే పదార్థం, దాని ఇంకో రూపం ఉంటాయి. కోళ్ళు, పందుల వంటి ఒకే కడుపు ఉన్న జంతువుల మేతలో ఈ గింజ ఎక్కువైతే నాడులకి హాని. నెమరువేసే పశువులు తట్టుకుంటాయి, అందుకే చాలా దేశాల్లో పచ్చి మేతగా వేస్తారు. మనుషుల తిండిగా ఇది పప్పు కాదు. కానీ కిలో మసూర్‌లో నాలుగు గింజలు కలవడం వేరు, మసూర్ పేరుతో దీన్నే అమ్మడం వేరు. రెండోది నిజంగా జరిగింది. సటైవాలో బ్లాంష్ ఫ్లూర్ అనే రకం ఉంది, దాని లోపలి పప్పు మసూర్‌లాగే నారింజ రంగు. పొట్టు తీసి బద్ద చేస్తే కంటికి తేడా తెలియదు. ఆస్ట్రేలియా నుంచి అది మసూర్ స్థానంలో ఎగుమతి అవుతోందని 1992లో అక్కడి పరిశోధకులు మాక్స్ టేట్, డిర్క్ ఎన్నెకింగ్ హెచ్చరించారు. ఆ తర్వాతే దేశాలు జాగ్రత్త పడ్డాయి.

ఇదే శాఖలోని కేసరి పప్పు సంగతి చాలామందికి తెలుసు, అది లాథిరస్ సటైవస్. దాంట్లో ఓడీఏపీ అనే విషం ఉంటుంది. కరువు కాలంలో వేరే తిండి లేక నెలల తరబడి అదే ప్రధాన ఆహారంగా తిన్నవాళ్ళకి కాళ్ళు పడిపోయాయి. మన దేశంలో 1961లో దాని అమ్మకం మీద నిషేధం పెట్టారు. అది కూడా ఒక పూట ఒక గింజ తింటే వచ్చే జబ్బు కాదు.

ఇక మీరు చేయాల్సింది. మొలకలు వేసే ముందు మసూర్‌ని స్టీలు పళ్ళెంలో పల్చగా పరచండి. మసూర్ గింజ రెండు వైపులా ఉబ్బి అంచు పదునుగా, చిల్లర నాణెంలా ఉంటుంది, పళ్ళెం వంచితే జారుతుంది. వెచ్ గింజ అంచు మొద్దుగా, కొంచెం గుండుగా ఉండి దొర్లుతుంది, రంగు ముదురు గోధుమ నుంచి నలుపు, కొన్నిటికి మచ్చలు. నాభి మచ్చ (గింజ కాయకి అతుక్కున్న చోటి గుర్తు) కూడా పెద్దది, తెల్లటి గీతలా కనిపిస్తుంది. జంగ్లీ మటర్ గింజ నల్లగా మెరుస్తుంది. మన అమ్మమ్మలు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరడమే. బల్లపరుపుగా మారిన రకం ఒక్కటి తప్పించుకోవచ్చు. పాపకి పెట్టేవి మాత్రం విడిగా మొలకల కోసమని అమ్మే విత్తనంతో పెంచండి, లేదా పెసలు వాడండి. పెసరలో ఈ గొడవే లేదు.

మిద్దెతోట_లక్ష్మి
జనవరి 7, రాత్రి 9:15

చాలా థాంక్స్ అండీ. మా అమ్మగారికి అనంతపురం ఫోన్ చేసి చెబితే, చేటలో పోసి చెరగకుండా ఏ పప్పూ పొయ్యి మీద పెట్టేవాళ్ళం కాదు, మీరు పాకెట్ కత్తిరించి నేరుగా కుక్కర్‌లో పోస్తారు అని కోప్పడింది. మొలకగా ఉన్నప్పుడే తేడా కనిపెట్టే దారి ఏమైనా ఉందా?

పాత_బోటనీ_మాస్టారు
జనవరి 8, ఉదయం 9:00

మసూర్, వెచ్, బటానీ అన్నిటికీ పప్పుబద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, పైకి రావు. అందువల్ల మొలక మొదటి రెండు రోజులూ అన్నీ ఒకటే పోలిక. తర్వాత వచ్చే ఆకు చూడాలి. సటైవా మొదటి ఆకుల్లో ఒక్క జతే ఉంటుంది, అది గడ్డి పోచలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. మసూర్‌ది పొట్టిగా, కొంచెం వెడల్పుగా ఉంటుంది. సన్నటి గడ్డి జత కనపడితే వేలితో పీకేయి. జంగ్లీ మటర్‌కి మొలకగా ఉన్నప్పుడు ఒకటి రెండు జతల ఆకులు వచ్చి, ఆ తర్వాత ఆకులే మానేస్తుంది.

అంటే నీ మూడో మొక్కకి వచ్చాం. నువ్వు బాణం ములుకులా ఉన్న ఆకులు అన్నావు చూడు, అవి ఆకులు కావు. పత్రపుచ్ఛాలే పెద్దవై ఆకుల పని చేస్తున్నాయి, అసలు ఆకు మొత్తం నులితీగగా మారిపోయింది. లాథిరస్ అఫాకా. ఇది పూయకముందే ధైర్యంగా పేరు పెట్టగలిగే మొక్క, ఈ శాఖలో అలాంటివి తక్కువ. పూస్తే పసుపు పువ్వు వస్తుంది.

రాగిసంకటి
జనవరి 8, 9:40

మాస్టారూ, లాథిరస్, విసియా అని రెండు పేర్లు వాడుతున్నారు. నాకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. పొలంలో నిలబడి చూస్తే తేడా ఏంటి?

పాత_బోటనీ_మాస్టారు
జనవరి 8, మధ్యాహ్నం 12:20

మంచి ప్రశ్న. పొలంలో నిలబడి చూస్తే: లాథిరస్‌కి ఆకు జతలు తక్కువ, చాలావాటికి ఒక్కటే జత, కాండానికి రెండు పక్కలా రిబ్బను అంచులాంటి రెక్కలు తరచుగా ఉంటాయి. కేసరి పప్పు కాండం వేళ్ళ మధ్య దొర్లిస్తే ఆ అంచు చేతికి తగులుతుంది. విసియాకి జతలు ఎక్కువ, కాండానికి కోణాలు ఉంటాయి కానీ రెక్క ఉండదు. అయితే ఇది నూటికి నూరు పాళ్ళూ పనిచేయదు, అఫాకాకే రెక్క లేదు.

తప్పని గుర్తు పువ్వు లోపల ఉంది. ఒక పువ్వు కోసి, పెద్ద రేకు ధ్వజాన్ని వెనక్కి వంచి, పక్క రేకులు బాహువులని తీసేసి, అడుగున పడవలా ఉన్న ద్రోణిని గుండుసూదితో చీల్చు. కేసరాల గొట్టంలోంచి పైకి వంగిన సన్నటి కీలం (అండాశయం నుంచి పైకి వచ్చే కాడ) కనపడుతుంది. దాని చివర నూగు ఎక్కడుందో భూతద్దంలో చూడు. లాథిరస్‌లో నూగు లోపలి వైపు మాత్రమే, టూత్‌బ్రష్ కుచ్చులా. విసియాలో చివర చుట్టూ ఉంటుంది, లేదా సటైవాలోలా బయటి వైపు గడ్డంలా కుచ్చుగా ఉంటుంది. మసూర్‌కి కూడా లోపలి వైపే నూగు. అందుకే మసూర్‌ని చాలాకాలం విడిగా లెన్స్ అనే ప్రజాతిలో ఉంచారు. ఇప్పుడు జన్యువుల పరిశీలన తర్వాత కొందరు దాన్ని విసియాలోకి, బటానీని లాథిరస్‌లోకి చేరుస్తున్నారు. మనం వంటింట్లో మసూర్ అనే అందాం.

చెన్నై_వెంకట్
జనవరి 10, రాత్రి 11:00

పాత ఫోన్‌లో ఒక ఫోటో దొరికింది. ప్రాజెక్టు పని మీద జర్మనీలో ఉన్నప్పుడు రోడ్డు పక్కన తీసింది. ఒక కాడకి ఒకే వైపు ఇరవై ముప్పై ఊదా పూలు గెలలా వేలాడుతున్నాయి. ఇది సటైవా కాదని ఇప్పుడు నాకే తెలుస్తోంది, చాలా సంతోషంగా ఉంది. మరి ఏది?

పాత_బోటనీ_మాస్టారు
జనవరి 11, ఉదయం 8:10

గెలలా ఒకే వైపు పూసేవాటిలో అక్కడ ఎక్కువగా కనిపించేవి విసియా క్రాకా, విసియా విల్లోసా. క్రాకా ఏళ్ళ తరబడి బతుకుతుంది, విల్లోసా ఒక్క పంటకాలంతో సరి. పువ్వుని పక్క నుంచి చూడు. ధ్వజం రేకుకి పైన విచ్చుకున్న భాగం, కింద గొట్టంలా ఇమిడిన భాగం ఉంటాయి. రెండూ సుమారు సమానంగా ఉంటే క్రాకా. విచ్చుకున్నది గొట్టంలో సగమే ఉంటే విల్లోసా. ఇంకొకటి, విల్లోసాలో పూకాడ రక్షకపత్రాల వెనక చివర కాకుండా కిందవైపు అతుక్కుంటుంది, వెనక ఒక చిన్న బొడిపె మిగులుతుంది. నీ ఫోటో పెద్దది చేసి చూస్తే ఆ బొడిపె స్పష్టంగా ఉంది. విల్లోసా అంటాను.

చెన్నై_వెంకట్
జనవరి 11, 8:30

ఆరేళ్ళుగా ఆ ఫోటో ఉంది, బొడిపె ఈ రోజే చూశాను.

మిద్దెతోట_లక్ష్మి
జనవరి 19, సాయంత్రం 6:20

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాను, ఆలస్యమైంది. పక్కింటివాళ్ళు నీళ్ళు పోశారు. మూడోది పసుపు పువ్వు పూసింది! మాస్టారు చెప్పినట్టే.

రెండోదానికి పది రూపాయల భూతద్దం కాదని పదిరెట్లు చూపించేది కొన్నాను. ఎనిమిది పూలు కొలిచాను, మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. కాడకి మూడు, నాలుగు, ఒకచోట అయిదు. పళ్ళు అయిదూ ఒకే పొడుగు. హిర్సూటా కదూ? కానీ మాస్టారూ, ఒక చిక్కు వచ్చింది. గ్రోబ్యాగ్ కుడి మూలలో ఉన్నది కూడా ఇదే మొక్క అనుకున్నాను, దాని పూలు మాత్రం కాడకి ఒకటి, రెండే. కొంచెం పెద్దవి, ఆరు మిల్లీమీటర్లున్నాయి, లేత ఊదా. నీడ వల్ల అలా మారిందా?

కిరణ్_మారతహళ్ళి
జనవరి 19, రాత్రి 7:00

నీడలో ఆకు పెద్దది అవుతుంది కానీ కాడకి పూల లెక్క, పువ్వు సైజు, రంగు కూడా మారతాయా? మాస్టారు చెప్పిన ఇన్ని గుర్తులు ఒకేసారి మారాయంటే అది వేరే మొక్కే అనిపిస్తోంది.

పాత_బోటనీ_మాస్టారు
జనవరి 20, ఉదయం 9:15

కిరణ్ చెప్పింది నాకు నచ్చింది. ఒక గుర్తు మారితే నీడ అనుకోవచ్చు, మూడు కలిసి మారితే జాతి అనుకోవాలి. కానీ కాయ వచ్చేదాకా ఆగుదాం. మూలలో దానికి ఎర్ర దారం కట్టు, మొదటిదానికి తెల్ల దారం కట్టు, కాయలు కలిసిపోకుండా. హిర్సూటా కాయ సెంటీమీటరు దాటడం తక్కువ, నూగు ఉంటుంది, లోపల రెండే గింజలు. టెట్రాస్పెర్మా కాయ కొంచెం పొడుగు, నున్నగా ఉంటుంది, మామూలుగా నాలుగు గింజలు. పేరులోనే ఉంది, టెట్రా అంటే నాలుగు, స్పెర్మా అంటే గింజ. మసూర్ కాయ వీటన్నిటికంటే వెడల్పు, చదును, నూగు లేదు, ఒకటో రెండో గింజలు. అంటే రెండు గింజలు ఉన్నాయి కదా అని మసూర్‌ని హిర్సూటా అనుకోకు, నూగు చూడు. నులితీగ కూడా చూడు. హిర్సూటాది పొడుగ్గా కొమ్మలుగా చీలుతుంది, మసూర్‌ది పొట్టిగా ఒంటి పోగులా ఉంటుంది, కింది ఆకులకి అదీ ఉండదు.

గోధుమచేను
జనవరి 20, రాత్రి 9:40

ఒక మాట, కాయలు ముదిరాక మొక్కల మీద వదలకండి. సటైవా కాయ ఎండితే రెండు బద్దలూ మెలి తిరిగి ఫట్‌మని పేలి గింజలు దూరంగా పడతాయి. పక్క కుండీల్లోకి వెళ్ళాయంటే వచ్చే చలికాలానికి మళ్ళీ కలుపు. పల్చటి గుడ్డ సంచులు కట్టండి. చేలల్లో ఆ చప్పుడు వినేవాణ్ణి, మార్చి ఎండలో మధ్యాహ్నం పూట పెసరట్టు పెనం మీద చిటపటలాడినట్టు.

మిద్దెతోట_లక్ష్మి
ఫిబ్రవరి 12, ఉదయం 8:00

కాయలు వచ్చాయి, ఇప్పుడే విప్పాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి.

తెల్ల దారం మొక్క: పది కాయలు, అన్నిటికీ నూగు, అన్నిట్లో రెండేసి గింజలు. ఎర్ర దారం మొక్క: ఏడు కాయలు, నున్నగా, అయిదింట్లో నాలుగు, రెండింట్లో మూడు. ఒకే గుప్పెడు మసూర్‌లోంచి హిర్సూటా, టెట్రాస్పెర్మా రెండూ వచ్చాయి! మూడు నెలలు రోజూ చూస్తూ నీళ్ళు పోసినా ఇవి రెండు మొక్కలని నాకు తెలియలేదు.

పాత_బోటనీ_మాస్టారు
ఫిబ్రవరి 12, 9:30

శాస్త్రం ప్రకారం తేలింది. చాలా సంతోషం తల్లీ. ఆ కాయలు న్యూస్‌పేపర్ మధ్య పెట్టి, తేదీ, ఊరు, ఏ మొక్కదో రాసి దాచు.

సటైవా కాయ కూడా చూశావా? అందులో రెండు ఉపజాతులు మన ఉత్తరాది చేలల్లో వస్తాయి. ఉపజాతి సటైవా అయితే పై ఆకులూ కింది ఆకులూ వెడల్పులో పెద్ద తేడా ఉండదు, కాయ గోధుమ రంగు, గింజల మధ్య నొక్కుకుని ఉంటుంది, నూగు ఉంటుంది. నైగ్రా అయితే పై ఆకులు కింది వాటికంటే బాగా సన్నం, పువ్వంతా ఒకటే రంగు, కాయ ఎండితే నలుపు, నొక్కులు లేకుండా సాఫీగా ఉంటుంది. పాత పుస్తకాల్లో దీన్ని అంగుస్టిఫోలియా అన్నారు.

మిద్దెతోట_లక్ష్మి
ఫిబ్రవరి 12, 9:50

గుడ్డ సంచి విప్పి చూశాను. నాలుగు కాయలు అప్పటికే పేలి లోపల గింజలు రాలి ఉన్నాయి, బద్దలు స్క్రూలా మెలి తిరిగాయి. నల్లగా ఉన్నాయి మాస్టారూ. నున్నగా, నొక్కులు లేవు. పై ఆకులు కింది వాటిలో సగం వెడల్పు కూడా లేవు.

పాత_బోటనీ_మాస్టారు
ఫిబ్రవరి 12, 10:05

నైగ్రా. కవరు మీద అదే రాయి.